చిన్న విమానం ఇంజిన్ ఓవర్‌హాల్‌లో వాల్వ్ క్లియరెన్స్: డ్రైగా కొలవడం, పుష్ రాడ్ ఎంచుకోవడం

బైక్ ఇంజినో కారు ఇంజినో విప్పి బిగించిన అలవాటున్న వాళ్లకి ట్యాపెట్ సెట్టింగ్ అనగానే గుర్తొచ్చేవి స్క్రూ, లాక్ నట్, ఫీలర్ గేజ్. లైకమింగ్ ఓ-320, ఓ-360, కాంటినెంటల్ ఓ-200 లాంటి విమానం ఇంజిన్ల రాకర్ కవర్ తీసి చూస్తే ఆ స్క్రూ కనిపించదు, తిప్పి సరిచేయడానికి అక్కడ ఏమీ ఉండదు. హైడ్రాలిక్ ట్యాపెట్లు (నూనెతో తమ పొడుగు తామే సర్దుకునేవి) కదా, గ్యాప్ దానంతట అదే సర్దుకుంటుంది, మనం చూసేదేమీ లేదు అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. హైడ్రాలిక్ ట్యాపెట్ సర్దుకోగలిగే దూరానికి ఒక హద్దు ఉంది, ఓవర్‌హాల్‌లో మనం చేసే ప్రతి మెషినింగ్ పనీ ఆ హద్దులోంచి కొంత తినేస్తుంది లేదా దానికి కొంత కలుపుతుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ట్యాపెట్ ఆ తేడాని దాచేస్తుంది కాబట్టి అసలు సంగతి తెలుసుకోవడానికి మీకు దొరికే అవకాశం ఒక్కటే: నూనె లేకుండా, పొడిగా ఉన్నప్పుడు కొలవడం. దీన్నే డ్రై క్లియరెన్స్ అంటారు.

అందుకే ఈ కొలతని నేను చివర్లో టిక్కు పెట్టే ఒక పనిగా చూడను. క్యామ్ షాఫ్ట్ నుంచి వాల్వ్ సీటు దాకా మీరు చేసిన పనంతా కలిసి ఆ చిన్న గ్యాప్‌లో కనిపిస్తుంది. అది తప్పుగా ఉంటే ముందు ఎందుకు తప్పిందో తెలియాలి, పుష్ రాడ్ మార్చడం ఆ తర్వాత.

ముందే ఒక మాట. ఇక్కడ నేను చెప్పే అంకెలు విషయం అర్థం కావడానికి. మీ ఇంజిన్ మోడల్‌కి, ఆ మోడల్‌లో కూడా మీ సీరియల్ నంబరుకి వర్తించే ఓవర్‌హాల్ మాన్యువల్, సర్వీస్ బులెటిన్లు చెప్పిందే ఫైనల్. పని అయ్యాక లైసెన్సు ఉన్న ఇంజినీరు చూసి సంతకం పెట్టాల్సిందే.

ట్యాపెట్ లోపల ఏం జరుగుతుంది

క్యామ్ ట్యాపెట్‌ని నెడుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్ అనే కడ్డీని, ఆ కడ్డీ రాకర్ అనే మీటని, రాకర్ వాల్వ్ కాడని. ట్యాపెట్ బాడీ క్యామ్ మీద కూర్చుంటుంది. దాని లోపల ఒక చిన్న హైడ్రాలిక్ యూనిట్: ఒక సిలిండరు, అందులో అతి తక్కువ సందుతో జారే ప్లంజరు, కింద ఒక పలచని స్ప్రింగు, ఒక చెక్ వాల్వు. ప్లంజరు పైన ఉండే సాకెట్‌లో పుష్ రాడ్ చివర కూర్చుంటుంది. వాల్వ్ మూసి ఉన్నంతసేపు స్ప్రింగు ప్లంజర్ని పైకి నెట్టి, పుష్ రాడ్‌కీ రాకర్‌కీ వాల్వ్ కాడకీ మధ్య ఉన్న లూజంతా తీసేస్తుంది, ఖాళీ అయిన చోటులోకి చెక్ వాల్వు గుండా నూనె వస్తుంది. క్యామ్ లేచినప్పుడు చెక్ వాల్వు మూసుకుంటుంది, లోపల చిక్కుకున్న నూనె నలగదు కాబట్టి యూనిట్ మొత్తం గట్టి ముక్కలా పనిచేసి వాల్వ్‌ని తెరుస్తుంది. ప్లంజరు పక్కల నుంచి కొద్దిగా నూనె కారుతుంది, ఆ కారడం కూడా కావాలనే పెట్టారు. లేకపోతే ఒకసారి పొడుగైన యూనిట్ మళ్లీ తగ్గలేదు.

ఇదంతా ఎందుకంటే గాలితో చల్లబడే ఇంజిన్ వేడెక్కినప్పుడు బాగా పెరుగుతుంది. సిలిండర్ హెడ్ అల్యూమినియం, వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. క్రాంక్ కేస్ కూడా అల్యూమినియమే. హెడ్ 180, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడుస్తుంటే పుష్ రాడ్ మాత్రం తన గొట్టంలో నూనె తడిలో దానికంటే చల్లగా ఉంటుంది. అంటే రాకర్ పివట్ క్యామ్ నుంచి దూరంగా జరుగుతుంది, పుష్ రాడ్ అంత పెరగదు, గ్యాప్ వెడల్పవుతుంది. మరోవైపు ఎగ్జాస్ట్ వాల్వ్ కాడ ఎర్రటి వేడికి సాగి అందులో కొంత వెనక్కి తీసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడూ, కాలిపోతున్నప్పుడూ గ్యాప్ సున్నా దగ్గరే ఉండాలంటే మధ్యలో పొడుగు మార్చుకునే ముక్క ఒకటి కావాలి. ఆ ముక్కే హైడ్రాలిక్ యూనిట్.

అది పూర్తిగా లోపలికి నొక్కుకుపోయి ఉన్నప్పుడు రాకర్‌కీ వాల్వ్ కాడకీ మధ్య మిగిలే ఖాళీనే మనం కొలిచేది. లైకమింగ్ డైరెక్ట్ డ్రైవ్ (ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌కి బిగించిన) ఇంజిన్లలో మామూలుగా ఇది 0.028 నుంచి 0.080 అంగుళాల మధ్య ఉండాలి, అంటే 28 నుంచి 80 థౌ, మిల్లీమీటర్లలో 0.71 నుంచి 2.03. కాంటినెంటల్ ఓ-200లో 30 నుంచి 110 థౌ. ఆరు సిలిండర్ల పెద్ద కాంటినెంటల్‌లకి ఇంకా వెడల్పు ఇచ్చారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఈ పనిలో అందరూ మాట్లాడుకునేది ఈ లెక్కలోనే.

గ్యాప్ తక్కువైతే ప్లంజరు అడుగుకి కొట్టుకుంటుంది, ఇంకా లోపలికి వెళ్లడానికి చోటుండదు, వాల్వ్ పూర్తిగా సీటు మీద కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్‌కి ఒంట్లోని వేడి ఎక్కువ భాగం బయటికి పోయే దారి ఆ సీటే. సీటుకి అంటకపోతే అంచు కాలిపోతుంది. గ్యాప్ ఎక్కువైతే ప్లంజరు పైకి ఎంత వచ్చినా లూజు తీరదు, టకటకమని కొట్టుకుంటుంది, వాల్వ్ తెరవాల్సినంత తెరవదు, వాల్వ్ కాడ కొన మీద ప్రతిసారీ దెబ్బ పడుతుంది. రెండిట్లో మొదటిదే నాకు ఎక్కువ భయం. అది చప్పుడు చేయదు.

కొలవక ముందు: ఏ పని గ్యాప్‌ని ఎటు లాగుతుంది

ఇది పేపరు మీద రాసుకోండి, లేదా బుర్రలో గట్టిగా పెట్టుకోండి. దీని మీదే మిగతాదంతా నిలబడుతుంది.

వాల్వ్ సీటు గ్రైండ్ చేస్తే, లేదా వాల్వ్ ముఖం గ్రైండ్ చేస్తే, వాల్వ్ సిలిండర్ హెడ్‌లోకి ఇంకాస్త లోతుగా కూర్చుంటుంది. దాని కాడ అవతలి వైపు రాకర్ దగ్గరికి అంత మేర లేస్తుంది. గ్యాప్ తగ్గుతుంది. కొత్త సీటు, కొత్త వాల్వ్ వేస్తే దీనికి ఎదురు. వాల్వ్ కాడ కొన గ్రైండ్ చేస్తే గ్యాప్ పెరుగుతుంది, అయితే ఆ కొన మీద గట్టిపరిచిన పొర ఉంటుంది కాబట్టి గ్యాప్ కోసమని అక్కడ గీకడం పద్ధతి కాదు, మాన్యువల్ ఒప్పుకున్నంత మేర అరుగు తీయడానికి మాత్రమే ఆ గ్రైండింగ్.

క్రాంక్ కేస్ మీద సిలిండర్ కూర్చునే ముఖాన్ని మెషిన్ చేసినా, కేస్ రెండు సగాలూ కలిసే ముఖాల్ని ల్యాప్ చేసినా (రుద్ది చదును చేసినా), సిలిండరు క్యామ్ వైపు దగ్గరవుతుంది. పుష్ రాడ్ ఉన్నట్టుండి పొడుగైనట్టు లెక్క. గ్యాప్ తగ్గుతుంది. క్యామ్ షాఫ్ట్ రీగ్రైండ్ చేయిస్తే లోబ్ కింది వృత్తం (లోబ్‌లో ఎత్తు లేని గుండ్రటి భాగం) చిన్నదవుతుంది, ట్యాపెట్ కిందికి దిగుతుంది, గ్యాప్ పెరుగుతుంది. ట్యాపెట్ ముఖం తిరిగి సాపు చేయించినా అంతే. రాకర్ పాదం (వాల్వ్ కాడ కొనని తాకే చివర) అరిగితే, బుష్ అరిగితే, పుష్ రాడ్ కొనలు అరిగితే అన్నీ గ్యాప్‌ని పెంచేవే.

ఇప్పుడు చూడండి, కేస్ ల్యాప్ చేసి సీట్లు గ్రైండ్ చేసిన ఇంజిన్‌లో రెండూ ఒకే దిక్కుకి లాగుతాయి, పుష్ రాడ్‌లు పొడుగైపోవడం దాదాపు ఖాయం. క్యామ్ కూడా రీగ్రైండ్ అయి ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాత పుష్ రాడ్‌లే సరిపోవచ్చు. ఏ షాపులో ఏ పని చేయించారో దాని కాగితాలు దగ్గర పెట్టుకుని, గ్యాప్ ఎటు జరగాలో ముందే అంచనా కట్టండి. అంచనాకి కొలత అడ్డం తిరిగితే ఎక్కడో ఏదో ఉంది.

యూనిట్లు శుభ్రం చేయడం

కొలతలో సగం తప్పులు ఇక్కడే పుడతాయి. లోపల నూనె ఉన్న యూనిట్‌ని వేలితో నొక్కితే అడుగుదాకా వెళ్లదు. వెళ్లిందనుకుని కొలిస్తే ఉన్నదానికంటే తక్కువ గ్యాప్ వస్తుంది, దాన్ని చూసి పొట్టి పుష్ రాడ్ వేస్తారు, చివరికి నిజమైన గ్యాప్ హద్దు దాటి పైకి పోతుంది.

కాబట్టి ప్రతి యూనిట్‌నీ విడదీసి, శుభ్రమైన సాల్వెంట్‌లో కడిగి, గాలితో ఆరబెట్టండి. ఒక్కో యూనిట్ ఒక్కో డబ్బాలో, సిలిండర్ నంబరు, ఇన్‌టేకా ఎగ్జాస్టా రాసి పెట్టండి. ఒక యూనిట్ ప్లంజరు ఇంకో యూనిట్ సిలిండర్లోకి పోకూడదు, అవి జతలుగా అమర్చి చేసినవి, కలిస్తే కారే లెక్క మారిపోతుంది. టాప్ ఓవర్‌హాల్ (కేస్ విప్పకుండా సిలిండర్ల వరకే చేసే పని) చేస్తూ ట్యాపెట్ బాడీలు కేస్‌లోనే ఉంచి యూనిట్లు మాత్రం బయటికి లాగుతుంటే అయస్కాంతం వాడకండి. అయస్కాంతత్వం పట్టిన చెక్ బాల్ సీటు మీద సరిగా కూర్చోక యూనిట్ పనికి రాకుండా పోతుంది, ఈ మాట లైకమింగ్ కూడా చెబుతుంది. కొక్కెంలా వంచిన సన్నటి తీగతో లాగితే వచ్చేస్తుంది. యూనిట్ తీశాక ట్యాపెట్ బాడీ అడుగున నిలిచిన నూనెని కూడా పీచు వదలని గుడ్డతో అద్ది తీయండి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది, ఆ నూనె మీద యూనిట్ తేలి కూర్చుంటుంది.

ఆరిన యూనిట్ బాగుందో లేదో చేతిలోనే తెలుస్తుంది. ప్లంజర్ని సిలిండర్ అంచులో పెట్టి బొటనవేలితో గబుక్కున లోపలికి నొక్కి వదలండి. లోపల చిక్కుకున్న గాలి దాన్ని వెంటనే వెనక్కి తన్నాలి, వేలికి ఆ తన్ను స్పష్టంగా తగలాలి. నీరసంగా లోపలికి పోయి అక్కడే ఉండిపోతే ప్లంజరుకీ సిలిండరుకీ మధ్య సందు పెరిగిపోయింది, లేదా చెక్ వాల్వు మూసుకోవడం లేదు. మళ్లీ కడిగి చూడండి, అప్పుడూ అంతే అయితే మార్చేయండి. కొత్త సిలిండర్లు వేసిన ఇంజిన్‌లో పాత, నీరసమైన యూనిట్ ఉంచి డబ్బు మిగిల్చానని అనుకోవడం నాకు అస్సలు నచ్చని లెక్క.

సిలిండర్ బిగించాకే

సిలిండర్ బేస్ నట్లన్నీ మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన టార్క్‌కి బిగించిన తర్వాతే కొలవాలి. చేత్తో తిప్పి పెట్టిన సిలిండర్ని కింది ఓ-రింగ్ కొంచెం బయటికి పట్టుకుని ఉంటుంది, అప్పుడు కొలిస్తే గ్యాప్ ఎక్కువ చూపిస్తుంది, బిగించాక తగ్గిపోతుంది. అవతలి వైపు సిలిండర్ ఇంకా పెట్టకపోతే, కేస్ గుండా అటు వెళ్లే త్రూ బోల్టులకి సిలిండర్ ఫ్లాంజ్ బదులు టార్క్ ప్లేట్లు వేసి బిగించండి. సిలిండర్ ఫ్లాంజ్ కిందా నట్ల కిందా పెయింట్ ఉండకూడదు. పెయింట్ నలిగి పలచబడేకొద్దీ నట్టు బిగువు సడలుతుంది, అది క్లియరెన్స్ కంటే చాలా పెద్ద ప్రమాదం.

వాల్వ్ స్ప్రింగులు అసలువే వేసి ఉండాలి. రొటేటర్ క్యాప్ (వాల్వ్ కాడ కొన మీద పెట్టే చిన్న టోపీ) ఉండే ఎగ్జాస్ట్ వాల్వ్ అయితే క్యాప్ పెట్టే కొలవాలి. ఎగ్జాస్ట్‌లన్నీ సరిగా వచ్చి ఒక్కటి మాత్రం బాగా ఎక్కువ చూపిస్తే మొదట చూడాల్సింది ఆ క్యాప్ ఉందా లేదా అని.

క్రాంక్ ఎక్కడ ఉండాలి

కొలిచే సిలిండర్‌లో రెండు వాల్వులూ మూసి, రెండు ట్యాపెట్లూ క్యామ్ లోబ్ కింది వృత్తం మీద ఉండాలి. అంటే కంప్రెషన్ స్ట్రోక్ చివర, పిస్టన్ పైకి వచ్చిన చోటు.

ఇంజిన్ విమానం మీదే ఉండి టాప్ ఓవర్‌హాల్ చేస్తుంటే ప్రొపెల్లర్ తిప్పే ముందు ఒక్క నిమిషం ఆగండి. ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చే మాగ్నెటో నుంచి స్విచ్‌కి వెళ్లే పి-లీడ్ అనే తీగ ఊడదీస్తే మాగ్నెటో ఆఫ్ అవదు, ఆన్‌లో ఉంటుంది. ఆఫ్ చేయడమంటే ఆ తీగని గ్రౌండ్ చేయడం. ఇంపల్స్ కప్లింగ్ (నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా మాగ్నెటోని గబుక్కున తిప్పే స్ప్రింగు అమరిక) ఉన్న మాగ్నెటో మీరు నెమ్మదిగా చేత్తో తిప్పినా స్పార్క్ ఇవ్వగలదు. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయండి, లీడ్‌లు దూరంగా కట్టేయండి, అయినా సరే ప్రొపెల్లర్ తిరిగే దారిలో తలా చేయీ పెట్టకండి.

ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజిన్ తిరిగే దిక్కులోనే తిప్పితే కంప్రెషన్ వచ్చేటప్పుడు గాలి వేలిని నెడుతుంది. అక్కడి నుంచి నెమ్మదిగా పిస్టన్ పైకి చేరేదాకా. లైకమింగ్‌లో స్టార్టర్ రింగ్ గేర్ మీదుండే గుర్తు, స్టార్టర్ హౌసింగ్ మీదుండే చిన్న రంధ్రానికి ఎదురుగా వస్తే ఒకటో సిలిండర్ పైన ఉన్నట్టు. అయితే ఆ గుర్తు రెండు తిరుగుళ్లకి రెండుసార్లు ఎదురవుతుంది, క్యామ్ మాత్రం ఒక్కసారే తిరుగుతుంది, కాబట్టి వేలికి తగిలే గాలే నమ్మకం.

నాలుగు సిలిండర్ల లైకమింగ్, ఓ-200, రెండింటి ఫైరింగ్ ఆర్డరు 1-3-2-4. ఒకటి, రెండు సిలిండర్ల పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, మూడు, నాలుగు కలిసి వస్తాయి. అందుకే ఒకటి కొలిచేటప్పుడు రెండో సిలిండర్ రాకర్ల వైపు చూడండి: ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకుంటూ రెండూ కొంచెం కొంచెం కదులుతుంటే మీరు సరైన చోటే ఉన్నారు. నంబర్లలో మాత్రం జాగ్రత్త. లైకమింగ్‌లో ఒకటో సిలిండర్ ప్రొపెల్లర్ వైపు నుంచి మొదలు, కాంటినెంటల్‌లో వెనక నుంచి. రెండు కంపెనీల ఇంజిన్ల మీదా పనిచేసేవాళ్లు కొలత తీసి తప్పు సిలిండర్ కింద రాసుకునేది ఇక్కడే.

కొలవడం

పొడి యూనిట్ ట్యాపెట్‌లోకి, గొట్టం లోంచి పుష్ రాడ్, రాకర్, షాఫ్ట్. పుష్ రాడ్ కొన సాకెట్‌లో సరిగ్గా కూర్చుందో లేదో రాకర్ పెట్టక ముందే పట్టుకుని కొంచెం తిప్పి చూడండి, అంచు మీద ఎక్కి ఉంటే తిరగడంలో తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు రాకర్‌ని పుష్ రాడ్ వైపు బొటనవేలితో నొక్కండి. మొదట స్ప్రింగు మెత్తగా లొంగుతుంది, ఆ తర్వాత లోహం లోహాన్ని తాకినట్టు గట్టిగా ఆగుతుంది. ఆ ఆగడం తెలిసేదాకా నొక్కి, అలాగే పట్టుకుని, రెండో చేత్తో రాకర్ పాదానికీ వాల్వ్ కాడ కొనకీ మధ్య ఫీలర్ గేజ్ పెట్టండి. వదలకూడదు. కొంచెం సడలినా స్ప్రింగు గ్యాప్‌ని మింగేస్తుంది. నొక్కి వదిలినప్పుడు రాకర్ దానంతట అది ఎగరకుండా నెమ్మదిగా, జిగురుగా పైకి వస్తే లోపల ఇంకా నూనె ఉంది, తీసి మళ్లీ కడగండి.

బ్లేడు కొంచెం రాపిడితో జారాలి, తోస్తే పోవడం కొలత కాదు. లైకమింగ్‌లో సులువైన పద్ధతి ఏంటంటే 28 థౌ తప్పకుండా దూరాలి, 80 థౌ దూరకూడదు, అప్పుడు మధ్యలో ఎక్కడుందో చూడటం. పెద్ద కొలతలకి నాలుగైదు బ్లేడ్లు కలిపి పెడితే వాటి మధ్య నూనె, మురికి, వంపు చేరి ఎక్కువ చూపిస్తాయి. వీలైతే ఆ మందానికి సరిపడే ఒకే ముక్క గేజ్ వాడండి, లేదా రాకర్ కొన మీద డయల్ ఇండికేటర్ పెట్టి అటూ ఇటూ ఎంత కదులుతుందో చదవండి. ఇంకోటి, రాకర్ పాదం అరిగి మధ్యలో గుంట పడి ఉంటే చదునైన బ్లేడు ఆ గుంట అంచుల మీద ఆనుతుంది, వాల్వ్ కొన మాత్రం గుంటలో కూర్చుంటుంది. బ్లేడు చెప్పేదానికంటే నిజమైన గ్యాప్ ఎక్కువ. అలాంటి రాకర్‌ని కొలవకండి, ముందు బాగుచేయించండి లేదా మార్చండి.

ప్రతి కొలతా రెండుసార్లు తీయండి, మధ్యలో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి. సిలిండర్ నంబరు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, అందులో ఉన్న పుష్ రాడ్ పార్ట్ నంబరు, నాలుగూ ఒకే వరుసలో రాయండి. ఈ కాగితం ఇంజిన్ రికార్డులో ఉండాలి. వచ్చే ఓవర్‌హాల్ చేసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే కాగితం దొరకదు.

అంకె హద్దులో లేకపోతే

ఉదాహరణకి ఓ-320లో ఏడు వాల్వులు 45 నుంచి 60 మధ్య వచ్చాయి, రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ మాత్రం 22 వచ్చింది. వెంటనే పొట్టి పుష్ రాడ్ ఆర్డర్ పెట్టే ముందు ఆ యూనిట్ మళ్లీ బయటికి తీసి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి. అదే 22 వస్తే ఆ సిలిండర్ ఇన్‌టేక్ చూడండి. ఇన్‌టేక్ కూడా మిగతావాటి కంటే తక్కువ వైపు ఉంటే సిలిండర్ కూర్చున్న తీరు, కేస్ ముఖం వైపు వెతకాలి. ఇన్‌టేక్ మామూలుగా ఉంటే తేడా ఆ ఒక్క వాల్వ్‌దే: సీటు ఎక్కువ గ్రైండ్ అయి ఉండొచ్చు, వేరే పార్ట్ నంబరు వాల్వ్ పడి ఉండొచ్చు, పొడవు పుష్ రాడ్ ఒకటి కలిసి ఉండొచ్చు. పుష్ రాడ్‌లన్నీ చదునైన బల్ల మీద పక్కపక్కన పెట్టి కొలవడానికి ఎంతోసేపు పట్టదు. పాత ఓవర్‌హాల్‌లో వేసిన పొడవు రకాలు మామూలు వాటితో కలిసిపోయి ఉండటం అరుదేమీ కాదు. సీటు లోతు మాన్యువల్ హద్దు దాటి ఉంటే పొట్టి పుష్ రాడ్ వేసి గ్యాప్ సరిచేయడం మోసం, సీటు మార్చాలి.

కారణం తెలిసి, అది ఒప్పుకోదగ్గదే అయితే అప్పుడు పుష్ రాడ్. గ్యాప్ తక్కువైతే పొట్టిది, ఎక్కువైతే పొడుగుది. ఇవి వేర్వేరు పార్ట్ నంబర్లతో వస్తాయి, మీ మోడల్ పార్ట్స్ కేటలాగులో ఒప్పుకున్నవే వేయాలి, ఉన్నదాన్ని గ్రైండ్ చేసి పొట్టి చేయడమనే ఆలోచనే వద్దు. రాకర్ చేతులు రెండూ సమానంగా ఉండవు కాబట్టి పుష్ రాడ్‌లో ఎంత తేడానో వాల్వ్ దగ్గర సరిగ్గా అంతే తేడా రాదు. అందుకే మార్చాక లెక్కతో సరిపెట్టుకోకుండా మళ్లీ కొలవాలి.

హద్దులో ఎక్కడ ఉంటే మంచిది? 29 వచ్చినా కాగితం ప్రకారం పాసే. నేనైతే ఒప్పుకోను. ఇంజిన్ నడిచేకొద్దీ ఎగ్జాస్ట్ సీటు నలిగి వాల్వ్ లోపలికి దిగుతుంది, కాడ పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గే దిక్కుకే పోతుంది. కింది అంచు మీద మొదలుపెడితే తినడానికి ఏమీ మిగలదు. ఇంకో పుష్ రాడ్‌తో మధ్యకి వచ్చే వీలుంటే మధ్యకి తెచ్చుకోండి, ముఖ్యంగా ఎగ్జాస్ట్‌లని.

స్క్రూ ఉన్నవి, గాలి తీయాల్సినవి

లైకమింగ్ ఓ-235 లాంటి వాటిలో హైడ్రాలిక్ యూనిట్ లేదు, గట్టి ట్యాపెట్లు, రాకర్ మీద స్క్రూ ఉంటుంది. ఇక్కడ మీరు పెట్టిన గ్యాపే నడిచే గ్యాప్, కాబట్టి అంకె చాలా చిన్నది, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. లాక్ నట్ వదులు చేసి, గేజ్ పెట్టి, స్క్రూ తిప్పి, స్క్రూని కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి. నట్ బిగించేటప్పుడు స్క్రూ కొద్దిగా లాగబడుతుంది, అందుకే బిగించాక మళ్లీ గేజ్ పెట్టి చూడకుండా కవర్ వేయొద్దు. చప్పుడు తగ్గాలని హద్దు కంటే బిగువుగా పెట్టడం వాల్వ్ కాల్చుకునే దగ్గరి దారి. ఓవర్‌హాల్ తర్వాత కొత్త భాగాలు సర్దుకుంటాయి కాబట్టి మాన్యువల్ చెప్పిన గంటలకి మళ్లీ చూడాలి.

రోటాక్స్ 912లో ట్యాపెట్లు హైడ్రాలిక్కే, అక్కడ జాగ్రత్త గాలి విషయంలో. ఓవర్‌హాల్ తర్వాత స్టార్ట్ చేసే ముందు వాల్వ్ ట్రెయిన్‌లోంచి గాలి బయటికి పంపే పద్ధతి మాన్యువల్‌లో ఉంది, అది తప్పకుండా చేయాలి. ప్రొపెల్లర్ ఎప్పుడూ తిరిగే దిక్కులోనే తిప్పాలి, వెనక్కి తిప్పితే గాలి లోపలికి చేరుతుంది.

కొలత అయిపోయాక

పుష్ రాడ్‌లు, యూనిట్లు ఏ చోటుకి కొలిచారో ఆ చోటులోనే ఉండాలి. క్యామ్ లోబ్‌ల మీదా ట్యాపెట్ ముఖాల మీదా అసెంబ్లీ లూబ్ కేస్ మూసేటప్పుడే పట్టించి ఉంటారు. మొదటి స్టార్ట్‌కి ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ గేజ్ మీద ప్రెషర్ కనిపించేదాకా ప్రీ-ఆయిల్ చేయండి, అంటే స్టార్ట్ చేయకుండా స్టార్టర్‌తో తిప్పి నూనె పారించండి. స్టార్టర్‌ని కొద్దికొద్దిసేపే, మధ్యలో చల్లారనిస్తూ తిప్పాలి. పొడిగా పెట్టిన యూనిట్లు నిండేదాకా మొదట కాసేపు టకటక వినిపిస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఒక్క సిలిండర్ దగ్గరే కొట్టుకుంటుంటే ఆపి ఆ యూనిట్ చూడండి.

గ్రౌండ్ రన్ అయ్యాక ఇంజిన్ ఇంకా వేడిగా ఉన్నప్పుడే డిఫరెన్షియల్ కంప్రెషన్ టెస్ట్ చేయండి. 80 పీఎస్ఐ గాలి ఇచ్చి ఎంత నిలుస్తుందో చూసే మామూలు టెస్టే. యూనిట్లు ఇప్పుడు నూనెతో నిండి ఉంటాయి కాబట్టి ఏదైనా వాల్వ్‌ని అవి సీటు మీద కూర్చోనివ్వకపోతే ఇక్కడ బయటపడుతుంది: ఎగ్జాస్ట్ పైపులో చెవి పెడితే గాలి బుస్సుమంటుంది, లేదా కార్బ్యురేటర్ వైపు వినిపిస్తుంది. అలాంటప్పుడు కవర్ తీసి ఆ రాకర్ మీద రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. తట్టగానే ఆగిపోతే సీటు మీద మసో చెత్తో పడి ఉండేది. ఆగకపోతే ఆ సిలిండర్ యూనిట్లు రెండూ బయటికి తీసి ఆరబెట్టి, మళ్లీ కొలిచి, మీ కాగితంలో రాసిన అంకె పక్కన కొత్త అంకె రాయండి. రెండూ కలిస్తే గ్యాప్ తప్పు కాదు, వాల్వ్, సీటు, గైడ్ చూడాలి. కలవకపోతే మధ్యలో ఏదో భాగం సర్దుకుంది లేదా జరిగింది. అదేంటో తేలేదాకా ఆ ఇంజిన్ గాల్లోకి వెళ్లకూడదు.